దుకాణం ఎవరిదని అడిగితే

మా ఇంట్లో అందరిదీ నేత, నాది రాత. అదీ సొంత రాత కాదు, ఎవరో చెబితే మిషన్ మీద కొట్టే రాత. మగ్గం మీద పోగు తెగితే మా నాయిన రెండు కొసలూ వేళ్ళతో నులిమి, తెగిన సంగతి బట్టకు కూడా తెలియకుండా అతికేవాడు. నా పనిలో ఒక అక్షరం తప్పు పడితే నేను రబ్బరుతో గీకీ గీకీ కాగితానికి చిల్లు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి కొట్టేవాణ్ణి. ఇంతటి పనిమంతుణ్ణి కాబట్టే, సర్కారు కొలువు పరీక్షలు మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పి, తొంభైలు మొదలైన కొత్తలో నల్గొండలో గడియారం సెంటరు వెనక సందులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకొని కూర్చున్నాను.

అది రెండు గదుల వరుస. ఒకదాంట్లో నేను కిరాయికి, రెండోదాంట్లో ఒక దర్జీ దుకాణం. పైన ఇంటాయన కాపురం. మధ్యగోడ పలచనిది కావడంతో నా మిషన్ల టకటకా, వాళ్ళ మిషన్ల గరగరా కలిసిపోయి, సందులో నడిచేవాళ్ళకు ఏది బట్టో ఏది కాగితమో తెలిసేది కాదు.

ఆ దుకాణంలో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. సందంతా వాళ్ళను పెద్ద భాయ్, చిన్న భాయ్ అనే పిలిచేది. వాళ్ళ నాయిన పోయేనాటికి చిన్న భాయ్‌కి ఇంకా మిషన్ పెడలు అందేది కాదట. కాజాలు కుట్టడం దగ్గర నుంచి కోటు కత్తిరించడం దాకా అన్నీ పెద్ద భాయే నేర్పాడు. కల్వకుర్తి సంబంధం చూసి పెళ్ళి కూడా ఆయనే చేశాడు. పెద్ద భాయ్‌కి పిల్లల్లేరు, భార్య ఎప్పుడో పోయింది. అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు.

పెళ్ళయిన ఏడాదికే చిన్న భాయ్ గల్ఫ్ పోయాడు, కూలి వీసా మీద. అక్కడొక పెద్ద దర్జీ దుకాణంలో ఆరేళ్ళు కుట్టాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చి పోయేవాడు. ఆయన పంపిన డబ్బుతోనే ఇక్కడి దుకాణానికి రెండు కొత్త మిషన్లు, అద్దాల అల్మారీ వచ్చాయి. ఆయనకు ఒక ఆడపిల్ల కూడా పుట్టింది. చివరిసారి వచ్చేసరికి ఆ పిల్లకు నాలుగేళ్ళు. సంచుల్లోంచి బొమ్మలూ చాక్లెట్లూ తీసి ముందు కుప్ప పోశాడట. పిల్ల అన్నీ తీసుకొని, తల్లి కొంగు చాటుకు పోయి, అందరికీ వినబడేలా అడిగిందట.

"అమ్మీ, గీ మామూ ఎప్పుడు పోతడు?"

ఈ మాట నాకు చిన్న భాయే చెప్పాడు, నవ్వుతూ. చెప్పి, ఆ నవ్వును ఎక్కడ పెట్టాలో తెలియక నా టేబులు మీది కార్బన్ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఇంక కూలి వీసా మీద పోను, టైపు సాబ్. పోతే ముగ్గురం పోతం, లేకుంటే లేదు" అన్నాడు.

ముగ్గురూ పోయే దారి ఒకటుందని ఆయన అక్కడ విని వచ్చాడు. దాని పేరు వాటాదారు వీసా. అక్కడి మనిషి పేరు మీద దుకాణం పెడతారు. ఎక్కువ వాటా ఆయనది, తక్కువ వాటా మనది. మన వాటా డబ్బు మనం పెట్టాలి. అలా పెట్టినవాడు కూలివాడు కాడు, యజమానుల్లో ఒకడు. కనుక భార్యనూ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. నాకు అప్పటికి వీసా గురించి వీసమెత్తు కూడా తెలియదు. పాస్‌పోర్టు అనేదాన్ని అంతకుముందు ఒక్కసారి చూశాను, అదీ స్పెల్లింగ్ కోసం.

హైదరాబాద్‌లో ఒక ఏజెంటు ఉన్నాడు. ఆయన మోసగాడై ఉంటే ఇది రాయడం నాకు సులువయ్యేది. తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. కానీ ఆయన చాలా నిక్కచ్చి మనిషి. "మీకు ఏమేం అడగాలని ఉందో అన్నీ కాగితం మీద రాసి పంపుండ్రి, ఒక్కొక్కదానికి జవాబు రాస్త" అన్నాడు. అలా ఆ ప్రశ్నల జాబితా నా బల్ల మీదికి వచ్చింది.

మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేనప్పుడు చిన్న భాయ్ వచ్చి కూర్చునేవాడు. ఆయన అడిగేవాడు, నేను కొట్టేవాణ్ణి.

"పెండ్లాంబిడ్డల ఎంటనే తోల్కపోవచ్చా, నేను ముందు పోయినంకనా? అది మొదటిది పెట్టు సాబ్."

"పెట్టిన."

"దుకాణం నడవకపోతే వీసా ఉంటదా పోతదా? ఆ అక్కడాయనకు నాకు పంచాయితీ వస్తె ఎవరు చెప్తరు? బిడ్డను బడిల ఏస్తరా? ఒంట్ల బాగలేకుంటె దవాఖాన ఎట్ల?" గుక్క తిప్పుకొని, "ఎన్నేండ్లుంటె అక్కడోళ్ళమైతం?" అన్నాడు.

"చివరిది కూడా పెట్టాల్నా?"

"పెట్టు. అడుగుతె పోయేదేముంది."

పన్నెండు ప్రశ్నలయ్యాయి. పది రోజులకు జవాబులొచ్చాయి. ముందు ఆయన, ఆరు నెలలకు కుటుంబం. దుకాణం మూతపడితే వీసా కూడా మూతే. పంచాయితీ వస్తే అక్కడాయన మాటే చెల్లుతుంది, కనుక రానివ్వొద్దు. బడి ఉంది, ఫీజు కట్టాలి. ఎన్నేళ్ళున్నా అక్కడివాళ్ళు కారు. అడుగున ఏజెంటు తన తరఫున ఒక ప్రశ్న వేశాడు. వాటా ఇచ్చే అరబ్బు మనిషి కూలి చేసినవాణ్ణి వాటాదారుగా పెట్టుకోడు, సొంతంగా దుకాణం నడిపినవాడే కావాలంటున్నాడు. అక్కడి ఆఫీసువాళ్ళూ అదే చూస్తారు. మీకు సొంత దుకాణమున్నట్టు కాగితముందా?

లేదు. లైసెన్సు పెద్ద భాయ్ పేరు మీద. కిరాయి చిట్టీ పెద్ద భాయ్ పేరు మీదే.

చిన్న భాయ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అన్నకు చూపించలేదు. నాలుగు రోజులు నా గది వైపే రాలేదు. చివరికి మా గోడ పలచన కావడం పనికొచ్చింది. నేను ఎవరికో ఆ జవాబు సంగతి చెబుతుంటే పెద్ద భాయ్ అవతలి నుంచి విన్నాడు. మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"దుకాణం వాని పేరు మీద ఉంటె అయితదా?"

"అయితదట భాయ్."

"మరి రాయ్. ఇండ్ల నాకేం హక్కు లేదు, అంత మా తమ్మునిదే అని రాయ్. పిల్ల వాన్ని మామూ అంటాంది. గంతకన్న ఏం గావాలె?"

స్టాంపు కాగితం తెచ్చాం. నేనే కొట్టాను. ఒక్క తప్పు కూడా పడలేదు. నా టైపు జీవితంలో అంత శుభ్రమైన కాగితం అదొక్కటే. దుకాణంలోని మిషన్లు, అల్మారీ, గిరాకీ, కిరాయి హక్కుతో సహా అన్నీ తమ్ముడికి వదిలేస్తున్నట్టు. పెద్ద భాయ్ సంతకం చేశాడు. సాక్షులు ఇద్దరం. పై ఇంటాయన ఒకరు, నేను ఒకణ్ణి. చిన్న భాయ్ ఆ గదిలో ఉండలేకపోయాడు. బయట అరుగు మీద, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

తర్వాత ఆ అరబ్బు మనిషి ఏదో వైద్యం కోసం హైదరాబాద్ వస్తున్నాడని, చిన్న భాయ్‌ని స్వయంగా చూస్తాడని కబురొచ్చింది. నేను తయారీ మొదలుపెట్టాను. మా నాయిన నేసిన తువ్వాల నెత్తికి చుట్టుకొని, పైన పాత టైప్‌రైటర్ రిబ్బను బిగించి, కుర్చీలో షేకు లాగా కూర్చున్నాను. టైపు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు వేళ్ళాపి చూస్తున్నారు.

"దుకాణం ఎవరిది?" అన్నాను గొంతు మార్చి.

"నాది."

"ఎన్నేండ్ల సంది?"

"పదేండ్ల సంది. షేకు సాబ్, మీ నెత్తి మీది రంగు కారుతాంది."

అందరూ నవ్వారు. ఆయన గడగడా చెప్పేవాడు. అంతలో పెద్ద భాయ్ చాయ్ పట్టుకొని వచ్చాడు. నేను అదే ఊపులో మళ్ళీ "దుకాణం ఎవరిది?" అన్నాను. చిన్న భాయ్ లేచి, "ఇంక చాలు సాబ్, చాయ్ సల్లారుతది" అన్నాడు. అలసిపోయాడనుకున్నాను. అలసట గురించి బాగా తెలిసిన సోమరిని నేను.

చిన్న భాయ్‌ని ఒక్కణ్ణే రమ్మని ఏజెంటు చెప్పాడు. కానీ పెద్ద భాయ్ అరబ్బు మనిషి కోసం తెల్లటి జుబ్బా ఒకటి కుట్టాడు. వారం రోజులు రెండు ప్యాంట్ల గుడ్డ పక్కన పెట్టి దాని కాలరే కుట్టాడు. అన్నను నువ్వు రావద్దని తమ్ముడు ఎలా అంటాడు? ఇంగ్లీషు కాగితాలు చదవడానికని నన్నూ తీసుకుపోయారు. ముగ్గురం తెల్లారేసరికి బస్సెక్కాం. చిన్న భాయ్ భార్య, నేను భాభీ అని పిలిచే ఆమె, తలుపు దగ్గర నిలబడి "ఆరు నెలలే గదా భయ్యా, ఆడోళ్ళకు చలికోట్లు గావాల్నా అక్కడ?" అని నన్నడిగింది. నాకు తెలియదని చెప్పకుండా "అవసరం లేదు" అన్నాను.

నాంపల్లి దగ్గర లాడ్జిలో గది. అరబ్బు మనిషి మెత్తటివాడు, ముసలివాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. నేను మోసుకొచ్చిన కాగితాలన్నీ వరుసగా చూశాడు. ఏజెంటు పక్కన నిలబడి చెబుతున్నాడు. ఆరేళ్ళు అక్కడ ఉన్నవాడు కాబట్టి చిన్న భాయ్‌కి ఆ భాష వచ్చు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకూ పెద్ద భాయ్‌కీ ఒక్క ముక్క తెలియదు. ఇద్దరం గోడకు వేసిన కుర్చీల్లో, నవ్వాల్సిన చోట నవ్వుతూ కూర్చున్నాం.

పెద్ద భాయ్ జుబ్బా పొట్లం విప్పి ఇచ్చాడు. ముసలాయన కాలరు మీద వేలు పెట్టి తడిమాడు. కుట్టు తిప్పి చూశాడు. ముఖం వెలిగింది. ఏదో అడిగాడు. చిన్న భాయ్ అన్న వైపు చేయి చూపించి జవాబు చెప్పాడు. ముసలాయన పెద్ద భాయ్‌కి తలవంచి సలాం చేశాడు. మళ్ళీ ఏదో అడిగాడు, ఈసారి చిన్న ప్రశ్న. చిన్న భాయ్ ఒకసారి అన్న వైపు చూశాడు. తర్వాత చిన్న జవాబే చెప్పాడు.

ఏజెంటు కళ్ళు మూసుకున్నాడు.

ముసలాయన నేను కొట్టిన స్టాంపు కాగితాన్ని ఎత్తి పట్టుకొని ఇంకేదో అడిగాడు. చిన్న భాయ్ తల దించుకున్నాడు. ముసలాయన కాగితాలన్నీ సర్ది, కవరులో పెట్టి, కవరు నా చేతికిచ్చాడు. చాయ్ తెప్పించాడు. మర్యాదగా మెట్ల దాకా సాగనంపాడు. పెద్ద భాయ్‌కి జరిగింది తెలియక, మెట్లు దిగుతూ, "జుబ్బా మస్తు నచ్చింది ఆయనకు, అయినట్టే" అన్నాడు. ఆయన కిళ్ళీ కోసం రోడ్డు దాటినప్పుడు ఏజెంటు నాకు చెప్పాడు.

"గీ జుబ్బా ఎవరు కుట్టిండ్రు అన్నడు. మా అన్న అన్నడు మీ చిన్న భాయ్. మరి దుకాణం ఎవరిది అంటె, మా అన్నది అన్నడు. గట్లయితె గీ కాగితమేంది అన్నడు. ఇంగ నేనేం జెప్పాలె? యజమాని ఆయనయితె ఆయన్నే రమ్మను, కూలి మనిషిని వాటాదారు జేస్తె మా ఆఫీసోళ్ళు ఒప్పుకోరు అన్నడు ముసలాయన. అయిపోయింది."

పెద్ద భాయ్‌కి అప్పటికే చక్కెర జబ్బు, ఒక కన్ను మసక. ఆయన ఎక్కడికీ పోలేడు.

తిరిగి వచ్చే బస్సులో పెద్ద భాయ్ కిటికీ పక్కన నిద్రపోయాడు. నేను ఉండబట్టలేక చిన్న భాయ్‌ని అడిగాను.

"ఆ భాష పెద్ద భాయ్‌కి రాదు గదా. నాది అంటె ఏమయితుండె? ఆయనకు తెలుస్తుండెనా?"

"ఆయనకు రాదు సాబ్. నాకొస్తది గదా."

అంతే అన్నాడు. నాకైనా ముందే తట్టాల్సింది. మా నాయిన ముప్పై ఏళ్ళు నేసిన మగ్గాన్ని ఒక్కనాడు 'నా మగ్గం' అనలేదు. 'అన్న మగ్గం' అనేవాడు. ఆ అన్న దాని మీద కూర్చోక ఎన్నేళ్ళయిందో అన్నకే గుర్తులేదు. చిన్నప్పుడు బడిలో నేత కుటుంబాల పిల్లలకు ఏదో సాయం ఇస్తామని మీకు మగ్గముందా అని సారు అడిగితే, "మాకు లేదు సార్, మా పెద్దనాయినకుంది" అని చెప్పి సాయం పోగొట్టుకొని వచ్చాను. ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. ఇంకేం చెబుతాడన్నట్టు చూశారు. ఇంత తెలిసీ నెత్తికి తువ్వాల చుట్టుకొని అదే ప్రశ్న ఆయన చేత వల్లె వేయించాను. అన్న లేని గదిలో మాత్రమే.

ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ముసలాయన వేరే మనిషిని చూసుకున్నాడని మాత్రం పెద్ద భాయ్‌కి చెప్పారు. కారణం ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. "జుబ్బా ఉత్తగ పోయింది" అని నవ్వాడు.

వాటా కోసమని భాభీ తన నగలూ, పానగల్ దగ్గర ఉన్న వాళ్ళ చిన్న మెట్ట చెలకా అప్పటికే అమ్మేసింది. ఏజెంటు ఖర్చులు పోను మిగిలింది కొద్దిగా. రెండు నెలలకు చిన్న భాయ్ మళ్ళీ పాత పద్ధతిలోనే పోయాడు. కూలి వీసా, ఒక్కడే. పోయేముందు ఆ స్టాంపు కాగితాన్ని నా ముందు పెట్టి, "చింపెయ్యాల్నా సాబ్?" అన్నాడు. "ఎందుకు, ఉండనీ. మళ్ళ పనికొస్తది" అన్నాను. ఎంతైనా తప్పు లేని కాగితం. దాన్ని చింపడం నాకు మనసొప్పలేదు.

పనికొచ్చింది. ఇంటాయనకు.

ఆయన కొడుకు ఫ్యాన్సీ స్టోరు పెడతానన్నాడు. ఆయన కిందికి వచ్చి పెద్ద భాయ్‌తో మెల్లగా, కోపం లేకుండా మాట్లాడాడు. గోడ ఇవతల నాకు ప్రతి మాటా వినబడింది.

"దుకాణం నీది కాదని నువ్వే రాసిచ్చినవ్. సాచ్చెం నేనే జేసిన. జాగా మీ తమ్మునిది. ఆయన లేడు. మరి నువ్వెవరు?"

"మా తమ్ముడు నేను ఒకటి గాదా సేటూ?"

"కాగితం గట్ల చెప్తలేదు గదా."

రెండో సాక్షిని నేను. అవతలికి పోయి, అది వీసా కోసం రాయించిన కాగితమనీ, అందులో ఏం ఉన్నా దుకాణం ఈయనదేననీ చెప్పొచ్చు. మధ్యగోడ దాటితే చాలు. కానీ నా గది కూడా ఇంటాయనదే. నా కిరాయి చిట్టీ గడువు ఆ ఏడాదితో అయిపోతుంది. నేను మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించి, ఎవరిదో అర్జీ కొట్టడం మొదలుపెట్టాను. టకటకా ఎక్కువైతే అవతలి మాటలు వినబడవు. కిరాయి పెరగలేదు. అది కూడా చెప్పాలి.

పెద్ద భాయ్ ఒక మిషన్ తీసుకొని బస్టాండు ఎదురుగా ఒక హోటలు అరుగు మీద కూర్చున్నాడు. చిరుగులు, జిప్పులు, సంచుల పట్టీలు. కోట్లు కత్తిరించిన చెయ్యి. మిగతావి అమ్ముడుపోయాయి. నా దగ్గరికి ఒకేసారి వచ్చాడు. "తమ్మునికి ఈ సంగతి ఎవరు రాయొద్దు. పరాయి దేశంల ఫికర్ జేస్తడు" అన్నాడు. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండేళ్ళకు చిన్న భాయ్ సెలవు మీద వచ్చాడు. వాళ్ళలో అలవాటు, ఊరు నుంచి వచ్చిన మనిషి ముందు దుకాణంలో అన్నకు సలాం చేసి తర్వాత ఇంటికి పోవడం. సంచులతో సందులోకి వచ్చాడు. గాజులూ రిబ్బన్లూ వేలాడుతున్న తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. ఇటు వచ్చి నా గడప మీద కూర్చున్నాడు. నేను అంతా చెప్పాను, నా టైపు చప్పుడుతో సహా. ఆయన విని, "మంచినీళ్ళియ్యి సాబ్" అన్నాడు.

ఆ రెండేళ్ళూ ఆయన ఒక లెక్క మీద ఉన్నాడు. వాటా కాకపోతే కాకపాయె, ఇంకో రెండేళ్ళు కుట్టి, వచ్చి, అన్న పక్కన తన మిషన్ దగ్గర కూర్చుంటాడు. ముగ్గురూ అక్కడ కాకపోతే ఇక్కడే ఉంటారు. ఇప్పుడు కూర్చోవడానికి చోటు లేదు. బస్టాండు అరుగు మీద ఒక మిషనే పడుతుంది. దాని సంపాదనతో అన్న చక్కెర మందులు కూడా రావు. నెల కాకుండానే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు.

ఆ రోజు నేనూ బస్టాండుకు పోయాను. ఆ కొన్ని వారాల్లో పిల్ల ఆయనకు బాగా అలవాటైంది. ఏడేళ్ళది. చెయ్యి వదలకుండా తిరిగేది, అందరికీ "మా అబ్బా" అని తండ్రిని చూపించేది. బస్సు కదిలేటప్పుడు భాభీ ముఖం తిప్పుకుంది. పిల్ల మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా చూసి, పెదనాయిన అరుగు దగ్గరికి వచ్చి మిషన్‌కు ఆనుకుని నిలబడింది.

"తాయా, అబ్బా మళ్ళ ఎప్పుడొస్తడు?"

పెద్ద భాయ్ సంచి పట్టీ కుడుతున్నాడు. దారం పళ్ళతో తెంపాడు.

"రంజాన్‌కు" అన్నాడు.

రంజాన్ ఇంకో మూడు నెలలకే ఉంది. ఆయన వీసా రెండేళ్ళది. ఏ రంజాన్‌కని ఆ పిల్ల అడగలేదు. పెద్ద భాయ్ మసక కన్ను చికిలించి, సూదిలోకి దారం ఎక్కించమని ఆ పిల్లకే ఇచ్చాడు.